కుక్కరు కూతకీ, ఫోను మోతకీ మధ్య

"నమస్కారమండీ! కస్టమర్ కేర్‌కి స్వాగతం. మీకు ఏ విధంగా సహాయపడగలను?"

కంగారు పడకండి. రాంగ్ నంబరేమీ కాదు. రోజుకి 40, 50 సార్లు ఈ మాట అనీ అనీ నోటికి అతుక్కుపోయింది. మొన్న పొద్దున్నే పాలబ్బాయి తలుపు కొడితే తీసి ఇదే మాట అన్నాను. పాపం, గిన్నె పట్టమనడం కూడా మర్చిపోయి అలా చూస్తూ నిలబడిపోయాడు. మా అత్తయ్యగారు ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నారు.

నేను చేసే పనేమిటో ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. ఇంట్లోనే కూర్చుని కాల్ సెంటర్ పని చేస్తున్నాను. మిక్సీలు, వాషింగ్ మెషీన్లు, ఫ్రిజ్‌లు అమ్మే ఒక కంపెనీకి తెలుగులో వచ్చే ఫోన్లు తీసుకుంటాను. ఆ కంపెనీ తన ఫోన్ల పనిని ఒక ఏజెన్సీకి అప్పగించింది. ఆ ఏజెన్సీ నాలాంటి వాళ్ళకి అప్పగించింది. అంటే నేను ఉద్యోగిని కాను. మాట్లాడిన నిమిషాలకి లెక్కకట్టి డబ్బులిస్తారు, అంతే. దీన్ని ఫ్రీలాన్స్ అంటారు. మన భాషలో చెప్పుకోవాలంటే, షావుకారు దగ్గర ఆకు, తుక్కు తెచ్చుకుని ఇంట్లో బీడీలు చుట్టినట్టు, గుడ్డ తెచ్చుకుని జాకెట్లు కుట్టినట్టు. కాకపోతే ఇక్కడ కుట్టేది మాటల్ని!

ఇంటర్ పాసవగానే పెళ్ళై, ఇరవై రెండేళ్ళు వంటింట్లోనే గడిపిన నాకు ఈ పని ఎలా దొరికిందో, ఇందులో తీపి ఎంతో చేదు ఎంతో మీకు ఉన్నదున్నట్టు చెప్పాలనిపించింది. ఎందుకంటే "ఇంట్లో కూర్చుని నెలకి 30,000 సంపాదించండి" అనే ప్రకటన మీ ఫోనులోకీ ఏదో ఒక రోజు వచ్చే ఉంటుంది.

నా ఫోనులోకి 2022 అక్టోబరులో వచ్చింది. దీపావళికి ముందు. అబ్బాయి కాలేజీ ఫీజు, అమ్మాయి హాస్టలు ఖర్చు, అత్తయ్యగారి మందులు... మావారు రైస్ మిల్లులో గుమాస్తా. ఆయన జీతం ఎంత సాగదీసినా ఇరవయ్యో తారీఖు దాటేది కాదు. ఆ ప్రకటన చూసి ఫోన్ చేశాను. అవతల ఒక అమ్మాయి ఎంత మర్యాదగా మాట్లాడిందనుకున్నారు! "మేడమ్, మీ గొంతు చాలా బాగుంది, మీకు ఉద్యోగం వచ్చేసినట్టే" అంది. పెళ్ళయ్యాక నా గొంతు బాగుందన్న మొదటి మనిషి ఆ అమ్మాయే. రిజిస్ట్రేషన్‌కి 1,500 కట్టమంది, కట్టాను. రెండ్రోజులాగి ట్రైనింగుకీ, ఐడీ కార్డుకీ 3,000 అంది, అదీ కట్టాను. మూడో రోజు నుంచి ఆ నంబరు స్విచాఫ్!

పోపులడబ్బాలోనూ, బీరువాలో చీరల మడతల్లోనూ రెండేళ్ళు కూడబెట్టిన డబ్బు అది. అసలు ఆ డబ్బు ఉందనే మావారికి తెలీదు, ఇక పోయిందని ఎలా తెలుస్తుంది? ఎవరికీ చెప్పలేదు. స్టవ్ దగ్గర నిలబడి ఉల్లిపాయలు తరుగుతున్నప్పుడు ఏడ్చుకునేదాన్ని. ఉల్లిపాయలుంటే అదొక సుఖం, ఎవరూ ఎందుకని అడగరు.

నిజమైన పని 2023 జూన్‌లో దొరికింది. మా పక్కవీధిలోకి కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి హైదరాబాద్‌లో కాల్ సెంటర్లో చేసి వచ్చింది. పెళ్ళయ్యాక మా తెనాలిలో ఇంట్లోంచే అదే పని చేస్తోంది. "పిన్నీ, మీరు కూడా ప్రయత్నించండి" అంది. నేను ముందు చేతులు జోడించేశాను, ఒకసారి కాలింది చాలు తల్లీ అని. అప్పుడు ఆ పిల్లే విడమర్చి చెప్పింది.

ఒకప్పుడు కాల్ సెంటర్ అంటే పెద్ద హాల్లో వరసగా కూర్చుని చేయాల్సిందేనట. ఇంట్లోంచి చేయించుకోవాలంటే ఆ కంపెనీలు ప్రభుత్వానికి డిపాజిట్లు కట్టి, సవాలక్ష షరతులకు లోబడాలి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు కేంద్ర టెలికాం శాఖ ఆ నిబంధనలు సడలించింది. అదే సంవత్సరం నవంబరులో కొత్త మార్గదర్శకాలు ఇచ్చి, 2021 జూన్‌లో వాటిని ఇంకా తేలిక చేసింది. అలా తెనాలిలాంటి ఊళ్ళలో ఉన్న నాలాంటి వాళ్ళకి తలుపు తెరుచుకుందన్నమాట.

ఏజెన్సీ వాళ్ళు ఫోనులో ఒక పేజీ చదివించారు. కోపంగా ఉన్న కస్టమరులా వాళ్ళే నటిస్తూ నాతో మాట్లాడించారు. తెలుగు, కొద్దిగా ఇంగ్లీషు టైపు చేయించారు. ఆధార్, పాన్, బ్యాంకు పాసుబుక్కు కాపీలు తీసుకుని, నిమిషానికి ఇంతని రాసిన కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఒక్క పైసా అడగలేదు. అసలుకీ నకిలీకీ తేడా నాకు తెలిసింది ఆ రోజే. పని ఇచ్చేవాడు మనకి డబ్బు ఇవ్వాలి గానీ, మన దగ్గర తీసుకోవడమేమిటండీ?

ఇక ఇంట్లో ఏర్పాట్లు. అమ్మాయి పాత లాప్‌టాప్, వైరు ద్వారా వచ్చే ఇంటర్నెట్, కరెంటు పోయినా గంటసేపు నెట్టు ఆగకుండా రౌటరుకి చిన్న బ్యాటరీ పెట్టె, 1,800 పెట్టి ఒక హెడ్‌సెట్. చోటు ఎక్కడ? హాల్లో టీవీ. వరండాలోకి వీధి గోల. ఉప్పు బండి, కూరగాయల ఆటో మైకు, పాత ఇనప సామాన్లు కొంటామనే అరుపు. చివరికి బీరువా ఉన్న చిన్న గదిలో స్థిరపడ్డాను. పరుపు నిలబెట్టి, దండెం మీద చీరలు, దుప్పట్లు వేలాడదీస్తే గొంతు గదిలో మార్మోగదు. బట్టలు శబ్దాన్ని పీల్చుకుంటాయి కదా! మావారు చూసి "చాకిరేవులో ఆఫీసు పెట్టావా?" అన్నారు.

పొద్దున 10 నుంచి 1 దాకా, మళ్ళీ 3 నుంచి 6 దాకా నా వేళలు. కాబట్టి తొమ్మిదిన్నరకల్లా వంట పూర్తవ్వాలి, కుక్కరు దిగిపోవాలి. మొదటి వారంలో ఒకసారి అత్తయ్యగారు పప్పు పెట్టారు. నేను "మీ సమస్య నాకు అర్థమైందండీ" అంటున్నాను, వెనక కుయ్‌మని కూత! అవతలాయన "అమ్మా, రైల్వే స్టేషన్లో ఉన్నారా?" అని అడిగాడు. ఆ కాల్‌కి మార్కులు కోసేశారు.

అవునండీ, మార్కులుంటాయి. ప్రతి కాల్ రికార్డవుతుంది. అందులో కొన్ని తీసి క్వాలిటీ వాళ్ళు వింటారు. పలకరింపు సరిగ్గా ఉందా, పేరు పెట్టి పిలిచిందా, అడక్కుండా హోల్డ్‌లో పెట్టిందా, చివర "ఇంకేమైనా సహాయం కావాలా" అందా, అన్నీ చూస్తారు. సగటున కాల్ మూడున్నర నిమిషాల్లో ముగించాలి. తర్వాత అర నిమిషంలో కంప్యూటర్లో వివరాలు రాసి ఫిర్యాదు నంబరు ఇవ్వాలి. ఈలోపే చెవిలో "టింగ్", ఇంకొకరు సిద్ధం. దగ్గొస్తే మ్యూట్ నొక్కాలి. అవతలి వాళ్ళు తిడితే మాత్రం నొక్కకూడదు, వినాలి.

కానీ ఒక్క మాట గర్వంగా చెప్పుకుంటాను. మాతోపాటు చేసే డిగ్రీ పిల్లలకి రాని విద్య ఒకటి నాకుంది. అదే వంటిల్లు! మిక్సీ ఉన్నట్టుండి ఆగిపోయిందని ఫోనొస్తే "అమ్మా, ఇడ్లీ పిండి జారు నిండా వేశారా?" అని అడుగుతాను. అవతల నిశ్శబ్దం. "మీకెలా తెలిసిందండీ?" ఎలా ఏముంది, నేనూ వేసిన దాన్నే కదా! భారం ఎక్కువైతే మోటారు కాలిపోకుండా మిక్సీ దానంతటదే ఆగిపోతుంది. ప్లగ్గు తీసేసి, కాసేపు చల్లారనిచ్చి, జారులో సగం పిండి తీసేసి, మిక్సీ అడుగున చిన్న ఎర్ర బటను ఉంటుంది, దాన్ని నొక్కమంటాను. చాలావరకు బాగైపోతుంది, మెకానిక్ అక్కర్లేదు. వాషింగ్ మెషీన్లోకి నీళ్ళు సన్నగా వస్తున్నాయంటే, కుళాయి కట్టేసి, వెనక పైపు బిగించే చోట చిన్న జల్లెడ ఉంటుంది, తీసి కడగమంటాను. బోరు నీళ్ళయితే ఉప్పు, ఇసక పట్టేస్తాయి. ఫ్రిజ్ చల్లబడ్డం లేదంటే, తలుపు మధ్య ఒక కాగితం పెట్టి మూసి లాగి చూడమంటాను. కాగితం వదులుగా వచ్చేస్తే తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టడం లేదన్నమాట. మీరూ గుర్తుపెట్టుకోండి, పనికొస్తుంది.

ఇంకో సంతోషం, తెలుగు. కరీంనగర్ నుంచి "మిక్సీ నడుస్తలేదు", శ్రీకాకుళం నుంచి "తిరగట్నేదండి", అనంతపురం నుంచి "తిరగడం ల్యా". ఒకే మిక్సీ, ఎన్ని రకాలుగా ఆగిపోతుందో! తెనాలి దాటని నేను రోజూ రెండు రాష్ట్రాలూ చుట్టి వస్తున్నాను.

ఇక చేదు. డబ్బు లెక్క దాచకుండా చెబుతాను. మాట్లాడిన నిమిషానికి నాకిచ్చేది 2 రూపాయలు. ఆరు గంటలు కూర్చుంటే మాట్లాడేది 150 నిమిషాలు అటూ ఇటూ. ఫోను కోసం ఎదురుచూసే సమయానికి పైసా లేదు. రోజుకి 300, నెలకి 25 రోజులకి 7,500. దానిమీద నెలకి 500 ప్రోత్సాహకం, అదీ మార్కులు బాగుంటేనే. ఇంటర్నెట్టుకి 600 పోతుంది. చేతికిచ్చే ముందే పన్ను కొంత పట్టుకుంటారు. ఏడాది చివర రిటర్ను వేస్తే, మన ఆదాయం పన్ను పడేంత లేదు కనుక అది తిరిగొస్తుంది. పి.ఎఫ్. లేదు, ఇ.ఎస్.ఐ. లేదు, జ్వరమొస్తే సెలవు జీతం లేదు. 30,000 ఎక్కడా లేవమ్మా!

ఇంట్లోనే ఉన్నాను కనుక పని చేస్తున్నట్టు ఎవరికీ అనిపించదు. గ్యాసబ్బాయి వస్తే నేనే, చుట్టాలొస్తే నేనే. "ఊరికే ఫోన్లోనే కదా మాట్లాడేది" అంటారు. సాయంత్రం ఆరుకి హెడ్‌సెట్ తీస్తే చెవులు మండుతుంటాయి, గొంతు పూడుకుపోతుంది. అప్పుడు "కాఫీ ఏదీ?" అని కేక. ఆ కేకకీ "నమస్కారమండీ, కాసేపు లైన్లో వేచి ఉండండి" అనాలనిపిస్తుంది.

అయినా మానలేదు. ఎందుకు మానలేదో చెప్పాలంటే 2024 మార్చిలో వచ్చిన ఒక ఫోను గురించి చెప్పాలి.

మధ్యాహ్నం నాలుగు దాటింది. ఒకావిడ. గొంతు వణుకుతోంది. "మీ మెకానిక్ ఇంకా రాలేదండీ, డబ్బులు మాత్రం పోయాయి" అంది. నాకు అర్థం కాలేదు. మెల్లగా అడిగితే చెప్పింది. వాషింగ్ మెషీన్ పాడైందని ఫోనులో కస్టమర్ కేర్ నంబరు వెతికిందట. మొదట కనబడిన నంబరుకి చేసిందట. అవతలివాడు అచ్చం మాలాగే పలకరించి, ఫిర్యాదు రాసుకోవడానికి ఒక యాప్ వేసుకోమన్నాడట, 10 రూపాయలు కట్టమన్నాడట. ఆవిడ కట్టింది. తర్వాత చూస్తే ఖాతాలోంచి 18,000 వెళ్ళిపోయాయి!

ఇలాంటి వాటికి మాకు రాసిచ్చిన వాక్యం ఒకటుంది. "క్షమించండి, ఆ నంబరు మా సంస్థది కాదు, ఆ లావాదేవీకి మేము బాధ్యులం కాము." చదివాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత చాలా చిన్నగా "మావారికి చెప్పలేనండీ" అంది.

ఆ ఒక్క మాటతో నాకు ఉల్లిపాయల ఘాటు తగిలినట్టయింది.

కాగితం పక్కన పెట్టేశాను. "ఎంతసేపయిందమ్మా?" అన్నాను. అరగంట అంది. "ఏడవడానికి తర్వాత టైముంది. ముందు ఫోనులో నెట్టు ఆపి ఆ యాప్ తీసెయ్యండి. ఆ యాప్‌తో వాడికి మీ ఫోను తెర మొత్తం కనబడుతూ ఉంటుంది. తర్వాత 1930కి ఫోన్ చెయ్యండి. అది సైబర్ మోసాలకి ప్రభుత్వం పెట్టిన నంబరు. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బు ఇంకో చోటికి వెళ్ళకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ. వెంటనే బ్యాంకుకీ చెప్పండి" అన్నాను. ఆవిడ "నన్ను తిడతారేమో, అంత తెలివితక్కువగా ఎలా ఇచ్చావంటారేమో" అంది. అప్పుడు నోరు జారింది. "నేనూ ఇచ్చానమ్మా, 4,500. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. అప్పుడు నాకు 1930 తెలియదు. మీకు తెలిసింది, చెయ్యండి" అన్నాను. నంబరు రాసుకున్నావా అని రెండుసార్లు అడిగి, తిరిగి చెప్పించుకుని ఫోను పెట్టాను. పదకొండు నిమిషాలు!

రెండు రోజుల తర్వాత ఆ కాల్‌కి సున్నా మార్కులొచ్చాయి. "స్క్రిప్ట్ దాటి మాట్లాడారు, సొంత విషయాలు చెప్పారు" అని రాశారు. ఆ నెల ప్రోత్సాహకం 500 పోయింది. నేను చేసింది తప్పేనేమో, వాళ్ళ నియమాలు వాళ్ళవి. ఆవిడ డబ్బు తిరిగొచ్చిందో లేదో కనుక్కునే వీలు కూడా లేదు. మాకు ఫోన్లు రావడమే గానీ మేము చేయడం ఉండదు. కానీ ఆ 500 గురించి నాకు ఇప్పటికీ బాధ లేదు.

ఆ ఫోను వచ్చిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు. ఎవరో తెలియని ఆవిడకి చెప్పగలిగాను, ఇంట్లో మనిషికి చెప్పలేనా అనిపించింది. మర్నాడు మావారికి అన్నం వడ్డిస్తూ చెప్పేశాను. పోపులడబ్బా సంగతి, 4,500 సంగతి, అన్నీ. ఆయన ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయారు. తిడతారనుకున్నాను. లేచి చెయ్యి కడుక్కుని వచ్చి, "నాదీ ఒకటుంది, చెప్పమంటావా?" అన్నారు.

అదే 2022లో ఆయన ఫోనుకి ఒక మెసేజ్ వచ్చిందట. కరెంటు బిల్లు కట్టలేదు, ఈ రాత్రి తొమ్మిదిన్నరకి మీ కనెక్షన్ తీసేస్తాం అని. ఎండలు మండుతున్నాయి, ఇంట్లో పెద్దావిడ ఉంది. కంగారుపడి ఆ నంబరుకి ఫోన్ చేసి, వాడు చెప్పినట్టల్లా చేస్తే 3,000 పోయాయట. "నీకు చెబితే నవ్వుతావని చెప్పలేదు" అన్నారు.

ఒకే కప్పు కింద ఇద్దరం, ఒకరికి తెలియకుండా ఒకరం ఏడాదికి పైగా మోశామండీ ఆ బరువు! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గదిలోంచి అత్తయ్యగారు "ఎంత పోయిందర్రా మొత్తం?" అని కేకేశారు. ఇద్దరం ఒకేసారి "7,500" అన్నాం. సరిగ్గా నా నెల సంపాదన!

ఆ రోజు నుంచి మా ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. కస్టమర్ కేర్ నంబరు వెతుక్కోకు, బిల్లు మీదో, పెట్టె మీదో, కంపెనీ సొంత వెబ్‌సైట్లోనో ఉన్నది చూడు. ఫోనులో ఎవరు చెప్పినా యాప్ వేసుకోకు. మనకి డబ్బు రావడానికి పిన్ నంబరు కొట్టక్కర్లేదు. ఉద్యోగానికి ఎదురు డబ్బు కట్టకు. పోతే సిగ్గుపడకు, 1930. రాసింది నేను, అంటించింది మావారు. మీరు కూడా ఒకటి రాసి అంటించుకోండి, పక్కింటావిడకీ ఒకటి ఇవ్వండి.

ఇక ఈ పని మీరు చేయవచ్చా అంటే, గొంతుంటే, ఓర్పుంటే, ఆరు గంటలు తలుపు మూసుకునే గది ఉంటే చేయవచ్చు. లక్షలు వస్తాయని మాత్రం రాకండి. అబ్బాయి ఫీజు కట్టేటప్పుడు మావారి డబ్బు పక్కన నా డబ్బు కూడా పెడుతున్నాను. ఇరవయ్యో తారీఖు ఇప్పుడు ఇరవై అయిదో తారీఖు అయింది. నాకది చాలు.

అరెరె, మూడు కావస్తోంది! నేను లాగిన్ అవ్వాలి. అత్తయ్యగారు ఇప్పుడే వచ్చి "కుక్కరు దించేశానమ్మా, నువ్వు తలుపేసుకో" అని చెప్పి వెళ్ళారు. ఆమె నోట ఆ మాట వినడానికి నాకు ఏడాది పట్టింది మరి.

ఉంటానండీ. ఇంకేమైనా సహాయం కావాలా?